పాఠశాల ఎవరిది? – విలియమ్ జెన్నింగ్స్ బ్రయన్ జీవితగాథ

అనువాదము చేయువానికి ఒక్కొక్కప్పుడు ఒకే మనుష్యుడు రెండు ముఖములతో ఎదురగును. కొన్ని ఏండ్ల క్రిందట ఒక కరపత్రమును తెలుగు చేయుటకై నాయొద్దకు తెచ్చిరి. అందులో విలియమ్ జెన్నింగ్స్ బ్రయన్ అను అమెరికా దేశస్థుడు నాస్తికుల గుంపునెదుట ఒంటరిగా నిలిచిన దావీదువలె వర్ణింపబడెను. ఆ మరుసటి ఏడే విజ్ఞానశాస్త్ర చరిత్రకు సంబంధించిన ఒక వ్యాసమును అనువదింపవలసి వచ్చెను. అందులో అదే బ్రయన్ చదువుసంధ్యలు లేని మొండివాడుగా, నవ్వులపాలైన వృద్ధుడుగా కనబడెను. రెండును ముగించిన పిమ్మట ఆయన జీవితమును మొదటినుండి చదువవలెనని నాకు తోచెను. చదివిన కొలది ఆ రెండు చిత్రములలో ఏదియు ఆయనకు చాలదని తెలిసినది.

ఈ సంచికను చదువువారిలో తల్లిదండ్రులును ఉపాధ్యాయులును అనేకులు. మనుష్యుని పుట్టుకను గూర్చి సైన్సు పుస్తకము ఒకటి చెప్పుచున్నది, ఆదివారపు బడిలో మరియొకటి చెప్పుచున్నారు, ఏది నిజమని పిల్లవాడు అడిగినప్పుడు తడబడని గృహము మనలో అరుదు. ఆ ప్రశ్నను ఒక దేశమంతటి యెదుట న్యాయస్థానములో నిలువబెట్టినవాడు బ్రయన్. అయితే ఆయన అడిగిన ప్రశ్న మన పిల్లవాని ప్రశ్నకంటె ఒక అడుగు ముందుకు పోయినది. ప్రజల సొమ్ముతో నడచు పాఠశాలలో ఏమి బోధింపవలెనో నిర్ణయించు అధికారము ఎవరిదని ఆయన అడిగెను.

బ్రయన్ 1860వ సంవత్సరము మార్చి 19న ఇల్లినాయి రాష్ట్రమందలి సేలమ్ అను చిన్న పట్టణములో జన్మించెను. తండ్రి సైలస్ న్యాయాధిపతి, బాప్టిస్టు విశ్వాసి. తల్లి మెథడిస్టు సంఘములో పెరిగినది. పదియవ ఏటి వరకు బాలుని బడికి పంపక తల్లియే ఇంటియొద్ద చదువు చెప్పెను. పిమ్మటి కాలమున బడిపై తల్లిదండ్రులకు గల హక్కును గూర్చి ఆయన అంత గట్టిగా వాదించుటకు ఈ బాల్యము కొంత కారణమని నేను తలంచెదను. పదునాలుగవ ఏట ఉజ్జీవకూటములలో హృదయము కదలింపబడి, తలిదండ్రుల సంఘములు రెంటిని విడిచి కంబర్లాండ్ ప్రెస్బిటేరియన్ సంఘములో చేరెను. తండ్రి అడ్డు చెప్పలేదు.

జాక్సన్‌విల్ పట్టణమందలి ఇల్లినాయి కళాశాలలో చదువుచుండగా సృష్టిని గూర్చిన వివిధ వాదములు ఆయన మనస్సును కలవరపరచెను. కొంతకాలము సందేహములలో గడపితినని, ఇల్లు విడుచుటకు ముందే సంఘములో చేరియుండుట తన్ను నిలిపినదని ఆయనే తరువాత చెప్పుకొనెను. 1881లో తరగతిలో ప్రథముడుగా పట్టము పొంది, షికాగోలో న్యాయశాస్త్రము చదివి, 1884లో మేరీ బేర్డ్‌ను వివాహమాడెను. ఆమె భర్తకు తోడ్పడవలెనని తానును న్యాయశాస్త్రము చదివి న్యాయవాదిగా నమోదైనది. 1887లో ఆ కుటుంబము నెబ్రాస్కా రాష్ట్రమందలి లింకన్ నగరమునకు తరలిపోయెను. 1890లో బ్రయన్ అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికయ్యెను.

ఆయనను ప్రపంచము ఎరిగినది 1896 జూలైలో. అప్పటికి ధాన్యము ధరలు పడిపోయి రైతులు అప్పులలో మునిగియుండిరి. బంగారమే నాణెమునకు ఆధారముగా నుండుటవలన డబ్బు కరవై, అప్పు ఇచ్చిన పట్టణపు బ్యాంకులవారు బాగుపడుచున్నారని పల్లెలవారు నమ్మిరి. షికాగోలో జరిగిన డెమొక్రాటిక్ పార్టీ మహాసభలో బ్రయన్ లేచి రైతుల పక్షమున చేసిన ప్రసంగమును విని వేలాదిమంది కేకలు వేయుచు ఆయనను భుజములమీద మోసిరి. ముప్పది ఆరేండ్ల వయస్సున రాష్ట్రపతి పదవికి అభ్యర్థి ఆయెను. రైలుమార్గమున సుమారు 18,000 మైళ్లు తిరిగి, దాదాపు 600 ప్రసంగములు చేసి, ఓడిపోయెను. 1900లో మరల ఓటమి. 1908లో మూడవసారి ఓటమి. అధ్యక్షుడు కాలేకపోయినను ఆయన కోరినవి అనేకము జరిగెను. ఆదాయపు పన్ను, సెనేటు సభ్యులను ప్రజలే ఎన్నుకొనుట, స్త్రీలకు ఓటు, మద్యనిషేధము ఇవన్నియు ఆయన వాదించి, ఎగతాళికి గురియై, తుదకు అమెరికా రాజ్యాంగములో చేరగా చూచినవే. బ్రయన్‌ను వెనుకటి కాలపు మనిషి అనువారు ఈ పట్టికను ఒకసారి చదువవలెను.

1905, 1906 సంవత్సరములలో ఆయన కుటుంబముతో ప్రపంచమును చుట్టివచ్చెను. ఆ యాత్రలో మన దేశమునకును వచ్చెను. ఇచ్చటి బ్రిటిషు పరిపాలనను చూచి, తిరిగిపోయిన వెంటనే దానిని తీవ్రముగా విమర్శించుచు వ్రాసెను. పన్నుల భారమును, ప్రజలవిద్య విషయమై పాలకుల నిర్లక్ష్యమును ఎత్తిచూపెను. ఆ వ్రాతను భారత జాతీయవాదులు సంతోషముతో చేతులు మార్చుకొని చదివిరి. ప్రజలకు చదువు చెప్పించుట పాలకుల ధర్మమను మాట ఆయన నోట కొత్తగా 1920 తరువాత పుట్టినది కాదు.

ఎన్నికల మధ్యకాలములలో ఆయన జీవనము ప్రసంగములమీదనే నడచెను. వేసవిలో పల్లెపట్టణముల అంచున గుడారములు వేసి జరుపు షటాక్వా సభలలో, సమాధానకర్తయగు అధిపతిని గూర్చిన ఆయన ఉపన్యాసము వందలసార్లు వినబడెను. 1913లో అధ్యక్షుడు విల్సన్ ఆయనను విదేశాంగ మంత్రిగా నియమించెను. రాయబారుల విందులలో మద్యమునకు బదులు పులియని ద్రాక్షపండ్ల రసమును పోయించి పత్రికలవారికి నవ్వులాట ఆయెను. యుద్ధమునకు దిగుటకు ముందు తగవును విచారణకు విడువవలెనను ఒడంబడికలు 30 దేశములతో చేసికొనెను. 1915లో లూసిటానియా ఓడ మునిగిన పిమ్మట విల్సన్ జర్మనీకి పంపదలచిన లేఖ దేశమును యుద్ధములోనికి ఈడ్చునని భయపడి, ఆ లేఖపై సంతకము చేయుటకంటె పదవిని వదలుకొనుట మేలని ఎంచి రాజీనామా చేసెను. మనస్సాక్షి నిమిత్తము అంతటి పదవిని విడిచిన మంత్రులు ఏ దేశ చరిత్రలోనైనను కొద్దిమందియే.

ఇక అసలు విషయమునకు వచ్చెదను. 1904 ప్రాంతమున బ్రయన్ డార్విన్ మతమును అంగీకరింపనని చెప్పుచునే, అంగీకరించువారితో తనకు తగవు లేదని కూడ చెప్పుచుండెను. మరి పదునేడేండ్ల తరువాత ఆయన దేశమంతట తిరిగి దానిపై యుద్ధము ప్రకటించుటకు కారణమేమి? మొదటి ప్రపంచ యుద్ధము. వెర్నన్ కెల్లాగ్ అను అమెరికా జంతుశాస్త్రజ్ఞుడు బెల్జియములో జర్మను సైనికాధికారుల మధ్య కొంతకాలము గడపి, 1917లో ఒక పుస్తకము ప్రకటించెను. బలవంతుడు బలహీనుని తుడిచివేయుట ప్రకృతిధర్మము గనుక యుద్ధము న్యాయమేనని ఆ అధికారులు వాదించిరని అందులో వ్రాసెను. బ్రయన్ దానిని చదివి కలతపడెను. సమాధానము కొరకు మంత్రిపదవిని విడిచిన మనుష్యుడు అట్టి పుస్తకమును చదివి ఊరకుండునా? దానికి తోడు జేమ్స్ ల్యూబా అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు 1916లో ప్రకటించిన గ్రంథము ఒకటి ఆయన చేతికి వచ్చెను. పేరుగల శాస్త్రవేత్తలలో సగమునకు మించినవారు ప్రార్థన వినెడి దేవుని నమ్ముటలేదనియు, కళాశాలలో పై తరగతులకు పోయిన కొలది విద్యార్థుల విశ్వాసము సన్నగిల్లుచున్నదనియు అందులోని సారాంశము. బ్రయన్‌కు వచ్చు ఉత్తరములును అదే చెప్పెను. విశ్వాసముతో పంపిన కుమారుడు విశ్వాసము లేక తిరిగివచ్చెనని వ్రాసిన తల్లులకు ఆయన జవాబు వ్రాయవలసియుండెను.

సరిగా అదే కాలమున అమెరికాలో ఉన్నత పాఠశాల సామాన్యుని యింటి గడపయొద్దకు వచ్చెను. 1890లో దేశమంతటిలో సుమారు 2 లక్షలమంది మాత్రమే ఉన్నత పాఠశాలలలో నుండగా, 1920 నాటికి ఆ సంఖ్య 20 లక్షలకు చేరువయ్యెను. అంతకుముందు పరిణామ సిద్ధాంతము కొద్దిమంది కళాశాల విద్యార్థులు విను సంగతి. ఇప్పుడది పత్తిరైతు బిడ్డ చేతిలోని పాఠ్యపుస్తకములోనికి వచ్చినది. ఆ బిడ్డను బడికి పంపుమని చట్టము చెప్పుచున్నది. ఆ బడికి పన్ను కట్టుమనియు చట్టమే చెప్పుచున్నది.

1921 మొదలుకొని బ్రయన్ చేసిన వాదమును దాని బలముతోనే చెప్పుట న్యాయము. ఉపాధ్యాయునికి తన అభిప్రాయములను ఎచ్చటనైనను చెప్పుకొను స్వేచ్ఛ కలదు; కాని జీతము ఇచ్చు ప్రజల బడిలో, ఆ ప్రజలు కోరనిదానిని చెప్పుటకు హక్కు లేదు. ప్రభుత్వ పాఠశాలలో బైబిలును విశ్వాసగ్రంథముగా బోధింపరాదని కట్టడి యుండగా, బైబిలునకు విరోధమైనదానిని మాత్రము బోధింపవచ్చునా? క్రైస్తవులు తమ మతమును నేర్పుటకు తమ సొమ్ముతో కళాశాలలు కట్టుకొనుచున్నారు. అవిశ్వాసులును తమ సొమ్ముతో తమ బడులు కట్టుకొనవచ్చును గదా! కొన్ని వేలమంది శాస్త్రజ్ఞులు కోట్లాది తల్లిదండ్రుల బిడ్డలకు ఏమి నేర్పవలెనో శాసించుట ప్రజాప్రభుత్వమా? జీవితమంతయు బ్యాంకులవారిమీద రైతుల పక్షమున నిలిచినవానికి ఇది అదే పోరాటముగా కనబడెను. ఆయన మారలేదు, ప్రతిపక్షమే మారినది.

ఈ వాదములో ఒక సత్యము కలదు. పాఠశాల ఉపాధ్యాయుని సొంత వేదిక కాదు. పదునాలుగేండ్ల పిల్లవానికి, విశ్వాసము పాతకాలపు మాటయని వెక్కిరించుచు చెప్పు ఉపాధ్యాయుడు సైన్సును దాటి బోధించుచున్నాడు. కాని బ్రయన్ వాదములోని బోల్టు ఊడు చోటు ఒకటి కలదు. అధికసంఖ్యాకుల చేతులు లెక్కించి సైన్సు తరగతిలోని పాఠమును నిర్ణయించినయెడల, ఆ చేతులు ఎల్లప్పుడు మనవే అగునా? అమెరికాలోనే 1844లో ఫిలడెల్ఫియా నగరమున, ప్రభుత్వ బడులలో ప్రొటెస్టంటుల బైబిలు చదివించుటను గూర్చి కథోలికులకును ప్రొటెస్టంటులకును తగవు రేగి, ఇండ్లును దేవాలయములును తగులబడి, ప్రాణములు పోయెను. ఇరుపక్షములు క్రీస్తు నామమున ప్రార్థించువారే. బ్రయన్ పుట్టి పెరిగిన పట్టణములలో ప్రొటెస్టంటులే అధికసంఖ్యాకులు గనుక ఈ సంగతి ఆయన మనస్సునకు తట్టలేదు. తెలుగు క్రైస్తవునికి తట్టకుండ నుండదు. ఏ ఊరిలోనైనను మనము కొద్దిమందిమి. పూర్తిగా ప్రభుత్వధనముతో నడచు విద్యాసంస్థలో మతబోధ చేయరాదని మన రాజ్యాంగము 28వ అధికరణములో చెప్పుచున్నది. ఆ అధికరణము మనకు విరోధముగా కొందరికి కనబడును. అది మన పిల్లలకు ప్రాకారము. బ్రయన్ సూత్రమును ఇచ్చట అమలుపరచినయెడల ఏ సృష్టికథ మన బిడ్డ నోటుపుస్తకములో ఎక్కునో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆయన లోపములను దాచుట చరిత్ర కాదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు అధ్యక్షుడు బర్జ్ జంతుశాస్త్రజ్ఞుడును, కాంగ్రిగేషనల్ సంఘపు విశ్వాసియును. అట్టివానిని బ్రయన్ 1921లో విశ్వాస విరోధిగా బహిరంగముగా దూషించెను. పరిణామమును అంగీకరించుచు ప్రభువును ఆరాధించు శాస్త్రజ్ఞుడు ఉండగలడని ఆయన మనస్సు ఒప్పుకొనలేదు. అటువంటివారు ఆనాడును ఉండిరి. డార్విన్ స్నేహితుడైన వృక్షశాస్త్రజ్ఞుడు ఏసా గ్రే ప్రెస్బిటేరియన్ విశ్వాసిగా జీవించి మరణించెను. 1924లో డెమొక్రాటిక్ మహాసభ, నల్లవారిని హింసించు కూ క్లక్స్ క్లాన్‌ను పేరు పెట్టి ఖండింపవలెనని కొందరు పట్టుబట్టగా, పార్టీ చీలిపోవునని బ్రయన్ అడ్డుకొనెను. బలహీనుల పక్షమని జీవితమంతయు చెప్పినవాడు దక్షిణ రాష్ట్రముల నల్లవారి విషయములో నోరు మెదపలేదు. ఈ మచ్చ పెద్దది.

మరియొక సంగతి. 1925 జూన్‌లో హోవర్డ్ కెల్లీ అను క్రైస్తవ వైద్యునికి వ్రాసిన ఉత్తరములో, మనుష్యునికి ముందరి జీవుల పరిణామమును గూర్చి తనకు అంతగా ఆక్షేపణ లేదని బ్రయన్ ఒప్పుకొనెను. అయితే దానిని ఒప్పుకొనినయెడల ప్రతిపక్షమునకు మార్గము సుగమమగునని భావించి బహిరంగముగా చెప్పలేదు. మనుష్యుడు దేవుని స్వరూపమందు చేయబడెననుటయే ఆయనకు ప్రాణము. ఈ ఒప్పుకోలును ఆయన సభలలో చెప్పియుండినయెడల తరువాతి వందేండ్ల తగవు కొంత వేరుగా నడచియుండునేమో!

టెన్నెసీ రాష్ట్రములో జాన్ వాషింగ్టన్ బట్లర్ అను రైతు శాసనసభ్యుడు ఒక బిల్లు తెచ్చెను. ప్రభుత్వధనముతో నడచు ఏ పాఠశాలలోనైనను, బైబిలు చెప్పు మానవసృష్టిని త్రోసిపుచ్చుచు, మనుష్యుడు తక్కువజాతి జంతువులనుండి వచ్చెనని బోధించుట నేరమని దాని తాత్పర్యము. 100 నుండి 500 డాలర్ల వరకు జరిమానా. శిక్ష పెట్టవద్దు, ఉపాధ్యాయులు చట్టమును గౌరవించువారని బ్రయన్ ముందే సలహా వ్రాసెను; ఎవరును వినలేదు. ప్రతినిధుల సభ 71 ఓట్లతో దానిని ఆమోదించెను, వ్యతిరేకించినవారు ఐదుగురే. గవర్నరు ఆస్టిన్ పే 1925 మార్చిలో సంతకము చేసెను. ఈ గవర్నరు విద్యాభిమాని. రాష్ట్రములోని బడులన్నియు ఏడాదికి ఎనిమిది నెలలు నడువవలెనని, వాటికి తగిన ధనము ఏర్పరచిన చట్టము కూడ ఆయనదే. దానికి పల్లెప్రాంత సభ్యుల ఓట్లు కావలసియుండెను. బట్లర్ చట్టము కాగితముమీదనే యుండుననియు, ఎవరును దానిని అమలుపరచరనియు ఆయన తలంచెను.

అట్లు జరుగలేదు. చట్టమును పరీక్షింపగోరు ఉపాధ్యాయునికి సహాయము చేసెదమని పౌరహక్కుల సంఘము ఒకటి ప్రకటించెను. డేటన్ అను చిన్న పట్టణములోని కొందరు పెద్దలు మందుల అంగడిలో కూర్చుండి, ఈ వ్యాజ్యెము తమ ఊరిలో జరిగినయెడల ఊరికి పేరు వచ్చునని ఆలోచించిరి. ఇరువది నాలుగేండ్ల జాన్ స్కోప్స్‌ను పిలిపించి అడుగగా అతడు సమ్మతించెను. అతడు ఫుట్‌బాల్ శిక్షకుడు. జీవశాస్త్ర ఉపాధ్యాయుడు రానప్పుడు కొన్నిదినములు ఆ తరగతిని చూచినవాడు. అతని చేతిలోని పుస్తకము జార్జి హంటర్ 1914లో ప్రకటించిన పౌర జీవశాస్త్రము. ఇందులోని విడ్డూరము గమనింపుడు: ఆ పుస్తకమును పాఠ్యగ్రంథముగా ఆమోదించినది టెన్నెసీ ప్రభుత్వమే. ఒక చేతితో ఆ పాఠము చెప్పుమనెను; మరియొక చేతితో చెప్పినందుకు జరిమానా వేసెను.

ఆ పుస్తకములో పరిణామమునకు కేటాయించిన పుటలు కొద్దియే. అవి గాక, మానవజాతులను వరుసగా పేర్చి తెల్లజాతిని అన్నిటికంటె పైన నిలిపిన భాగమును, మతిహీనులును నేరస్థులును సంతానము కనకుండ ఆపవలెనను యూజెనిక్స్ బోధయు అందులో కలవు. ఇవి ఆనాటి ప్రయోగశాలలు రుజువు చేసినవి కావు. ఆనాటి గర్వము సైన్సు వేషము వేసికొనినది. బలహీనుల పక్షమున బ్రయన్ ఎత్తి చూపదగిన పుటలు అవియే. కాని న్యాయస్థానములో ఆయన చేత పట్టుకొని చూపినది, మనుష్యుని 3,500 క్షీరదములతో కలిపి ఒక చిన్న వలయములో పెట్టిన పటము. జనులు నవ్విరి. ఆ అసలైన పుటలమీద వెలుగు పడకుండ పోయెను.

విచారణ 1925 జూలై 10న ఆరంభమై 21న ముగిసెను. బ్రయన్ జీతము తీసికొనక ప్రభుత్వ పక్షమున వచ్చెను. స్కోప్స్ పక్షమున క్లారెన్స్ డారో, డడ్లీ ఫీల్డ్ మలోన్, ఆర్థర్ గార్ఫీల్డ్ హేస్ నిలిచిరి. షికాగో రేడియో కేంద్రము ఒకటి ఈ విచారణను ప్రసారము చేసెను. అమెరికాలో ఒక న్యాయవిచారణ అట్లు వినబడుట అదియే మొదలు. అంగళ్ల ముందు కోతులబొమ్మలు అమ్మిరి. శాస్త్రజ్ఞులను సాక్షులుగా అనుమతింపవలెనా అను వాదము జూలై 16న జరిగెను. బ్రయన్ సుదీర్ఘముగా ప్రసంగించి చప్పట్లు అందుకొనెను. అంతట మలోన్ లేచెను. బ్రయన్ విదేశాంగ మంత్రిగా నున్నప్పుడు ఆయన క్రింద పనిచేసినవాడు, కథోలికుడు. సత్యమునకు భయపడనక్కరలేదని, పిల్లల మనస్సులకు తలుపులు మూయవద్దని అతడు చేసిన వాదనకు, బ్రయన్‌ను మెచ్చిన ఆ జనమే అంతకు మించిన చప్పట్లు కొట్టిరి. మరునాడు న్యాయాధిపతి రాల్‌స్టన్ శాస్త్రజ్ఞుల సాక్ష్యము అక్కరలేదని తీర్పు చెప్పెను. వారి వాంగ్మూలములు వ్రాతలో మాత్రము చేరెను. వారిలో హార్వర్డు భూగర్భశాస్త్రజ్ఞుడు కర్ట్‌లీ మేథర్ ఒకడు. అతడు బాప్టిస్టు విశ్వాసి. బైబిలు తరగతి నడుపు ఆ విశ్వాసిని జూరీవారు చూడనే లేదు.

జూలై 20 మధ్యాహ్నము ఎండవేడిమికిని, జనుల బరువుకు కట్టడము కూలునను భయమునకును న్యాయాధిపతి సభను బయటి పచ్చికమీదకు, చెట్లనీడకు మార్చెను. అచ్చట హేస్ ఊహింపరాని కోరిక కోరెను: బైబిలు విషయమై నిపుణుడుగా బ్రయనే సాక్ష్యము చెప్పవలెనని. తోటి న్యాయవాదులు వలదనిరి. బ్రయన్ వెనుదీయలేదు. డారో సుమారు రెండు గంటలు ప్రశ్నించెను. యోనా చేప, యెహోషువ ఆపిన సూర్యుడు, కయీను భార్య, జలప్రళయ కాలము, ఒకదాని తరువాత ఒకటి. కొన్నిటికి బ్రయన్ సూటిగా నమ్మకము చెప్పెను. కొన్నిటిని తాను ఎన్నడును ఆలోచింపలేదని ఒప్పుకొనెను. అప్పుడు సృష్టిదినములను గూర్చిన ప్రశ్న వచ్చెను. అవి ఇరువది నాలుగు గంటల దినములు కానక్కరలేదనియు, దీర్ఘయుగములు కావచ్చుననియు బ్రయన్ చెప్పెను. ఇది ఆయనకు కొత్త సంగతి కాదు. ఆనాటి సంప్రదాయ వేదాంతులలో అనేకులు అట్లే చదువుచుండిరి. కాని చుట్టునున్న ఆయన అభిమానులు నిర్ఘాంతపోయిరి. ఆదికాండము మొదటి అధ్యాయమునకు వ్యాఖ్యానము అవసరమని బ్రయన్ ఒప్పుకొనినప్పుడు, ఏ వ్యాఖ్యానము చట్టమగుననునది మిగిలిన ప్రశ్న. బట్లర్ చట్టము దానికి జవాబు చెప్పలేదు. శాసనసభ చెప్పగలదా? ఇరువది యైదేండ్లు హీబ్రూ గ్రంథముతో కుస్తీపట్టిన నాకు, ఆ అధ్యాయమునకు శాసనసభ ఓట్లతో భాష్యము వ్రాయుటను తలంచినంతనే భయము కలుగును.

మరునాడు న్యాయాధిపతి ఆ సాక్ష్యమును రికార్డునుండి తొలగించెను. మరల పై కోర్టుకు పోవుటకు వీలుగా డారో తానే దోషియని తీర్పు ఇండని జూరీని కోరి, ముగింపు ప్రసంగమును వదలుకొనెను. దానితో బ్రయన్ వారములకొలది సిద్ధపరచిన ప్రసంగమునకు అవకాశము పోయెను. జూరీవారు తొమ్మిది నిమిషములలో తిరిగివచ్చిరి. జరిమానా 100 డాలర్లు. దానిని తానే చెల్లించెదనని బ్రయన్ స్కోప్స్‌కు అంతకుముందే మాట ఇచ్చియుండెను.

చెప్పలేకపోయిన ప్రసంగమును ముద్రింపించుటకై ఆయన ఆ వారమంతయు తిరిగెను. పొరుగు ఊళ్లలో వేలమంది యెదుట దానిలోని భాగములు వినిపించెను. జూలై 26 ఆదివారము డేటన్‌లో ఆరాధనకు పోయి, మధ్యాహ్నము భోజనము చేసి పడుకొని, నిద్రలోనే ప్రభువునందు విశ్రమించెను. అరువది యైదేండ్లు. సైనికుల శ్మశానమైన ఆర్లింగ్టన్‌లో ఆయనను సమాధి చేసిరి.

1927లో టెన్నెసీ ఉన్నత న్యాయస్థానము చట్టమును నిలిపి, శిక్షను మాత్రము కొట్టివేసెను. 50 డాలర్లకు మించిన జరిమానాను జూరీయే విధింపవలసియుండగా న్యాయాధిపతి విధించెనని కారణము. హంటర్ పుస్తకపు 1926 ముద్రణలో పరిణామమను మాటయే మాయమయ్యెను. మరి ముప్పదియేండ్లు అమెరికా పాఠ్యపుస్తకములు ఆ మాటను పలుకుటకు వెనుకాడెను. 1957లో రష్యావారు ఉపగ్రహమును ఎగురవేసిన పిమ్మట విజ్ఞానబోధ మేలుకొనినది. 1967లో టెన్నెసీ బట్లర్ చట్టమును రద్దుచేసెను. మరుసటి సంవత్సరము అమెరికా సుప్రీంకోర్టు ఆర్కన్సాస్ రాష్ట్రపు అట్టి చట్టమునే కొట్టివేసి, 1987లో సృష్టివాదమునకు సైన్సు తరగతిలో సమానస్థానము కోరిన లూసియానా చట్టమును కూడ త్రోసివేసెను. ఒక మతము చెప్పుదానిని నిలుపుటకై ప్రభుత్వము పాఠమును మార్చరాదనుట ఆ తీర్పుల సారము.

మన దేశములో 2023లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి పదవ తరగతి సైన్సు పుస్తకమునుండి పరిణామమును గూర్చిన భాగమును తీసివేసెను. విద్యార్థుల భారము తగ్గించుట కారణమని మండలి చెప్పెను. పండ్రెండవ తరగతి జీవశాస్త్రములో ఆ పాఠము నిలిచినది. కాని పదవ తరగతితో సైన్సు విడుచు పిల్లలు దానిని చదువరు. 1,800 మందికి మించిన శాస్త్రవేత్తలును ఉపాధ్యాయులును దానిని తిరిగి చేర్చుమని బహిరంగలేఖపై సంతకము చేసిరి. ఆ దినములలో మన సంఘములలో కొందరు సంతోషించుట విని నేను ఆశ్చర్యపడితిని. ఆ పాఠమును తీసిన చేయి రేపు ఏ పాఠమును చేర్చునో వారు అడుగలేదు.

మొదట చెప్పిన ఆ కరపత్రమును నేను తెలుగు చేసి యిచ్చితిని. జూలై 20న చెట్లనీడను బ్రయన్ సృష్టిదినములను గూర్చి చెప్పిన సంగతి మూలములో లేదు గనుక, ఆ విషయమై నాలుగు పంక్తులు చేర్చుటకు అనుమతి కోరుచు ఉత్తరము వ్రాసితిని. అనుమతి రాలేదు. కరపత్రము మూలమునందు ఉన్నట్లే అచ్చయ్యెను.